మా అత్త కుక్క దగ్గిన ఎండాకాలం

ఇది ఒక మహాగాథ. ఇందులో పరాయి దేశపు తెల్లటి రాణి ఉంది. ఆమెకు వనవాస యోగం ఉంది. ఎదురు తిరిగిన వీధి ఉంది, గడువు పెట్టిన కఠినుడు ఉన్నాడు, మందు ఇవ్వని వైద్యుడు ఉన్నాడు, చివర్లో బట్టబయలయ్యే రహస్యం ఉంది. రాస్తే పద్దెనిమిది పర్వాలకు తగ్గదు.

తగ్గుతుంది. ఇది ఒక కుక్కకు పట్టిన దగ్గు గురించి. రాణి అన్నది ఆ కుక్కనే. వనవాసం అన్నది కంబదూరు.

నాకింకా ముప్పై నిండలేదు. జ్ఞాపకాలు రాయాలంటే కొంచెం ముసలితనం రావాలంటారు. మగ్గం గుంతలో పదేళ్ళు కూర్చున్నవాడికి అది మోకాళ్ళ నుంచి మొదలవుతుంది కాబట్టి, నడుము కింది భాగం వరకు నాకా అర్హత ఉంది.

డెబ్బైల చివర్లో నాకు పందొమ్మిదేళ్ళు. ఇంటర్ లెక్కల పరీక్ష నన్ను రెండుసార్లు ఓడించింది. మూడోసారి దాని కంట పడకుండా తప్పించుకుని వచ్చి మగ్గంలో కూర్చున్నాను. ధర్మవరంలో మా వీధిలో అన్నీ పట్టు మగ్గాలే. పొద్దున కళ్ళు తెరిచేసరికి రెండు పక్కల ఇళ్ళ నుంచీ ఆ చప్పుడు వస్తూ ఉండేది, ఆగని వానలాగా. అసలు వాన చప్పుడుతో పోల్చి చూసుకునే అవకాశం మాకు రెండు మూడేళ్ళకొకసారి వచ్చేది. ఇప్పుడు ఏ ఊరికి పోయినా ఆ చప్పుడు లేకపోతే నాకు నిద్ర సరిగా పట్టదు. అప్పట్లో అది ఉన్నందువల్ల పట్టేది కాదు.

మా ఇంటి ముందు భాగం ఒక రైల్వే గార్డుకు బాడుగకు ఇచ్చి ఉండేవాళ్ళం. ఆయనకు సికింద్రాబాదు అవతలికి బదిలీ అయింది. ఆయన భార్య సామానంతా లారీకెక్కించి, కుక్కను మాత్రం మా అత్త చేతిలో పెట్టి, నెలలో వచ్చి తీసుకుపోతానని చెప్పింది. ఏ నెలో చెప్పలేదు.

అది పామేరియన్ కుక్క. ఆ రోజుల్లో బ్యాంకు మేనేజర్లు, రైల్వే వాళ్ళు, బెంగుళూరు సేట్లు, కుక్కను పెంచేంత తీరిక ఉన్నవాళ్ళందరూ ఈ జాతినే పెంచేవాళ్ళు. తెల్లగా, నక్కకూ పత్తిమూటకూ మధ్య ఎక్కడో ఆగిపోయినట్టు ఉండేది. మంచు దేశాల జాతి అని గార్డు చెప్పేవాడు. మంచు దేశాల జాతిని తెచ్చి అనంతపురం జిల్లాలో కట్టెయ్యాలని ఎవరికి తోచిందో చెప్పేవాడు కాదు. దాని పేరు ఇక్కడ రాయను. తర్వాత మా వీధిలో పుట్టిన ఇద్దరు ఆడపిల్లలకు ఆ పేరే పెట్టారు. వాళ్ళిప్పుడు బడికి పోతున్నారు.

అత్త అంటే నాయన చెల్లెలు. మామ పోయాక, పిల్లలు లేరు కాబట్టి, మా ఇంటికే వచ్చేసింది. మామ రొమ్ము జబ్బుతో, అంటే క్షయతో, మూడేళ్ళు దగ్గి పోయాడు. అత్త వచ్చేటప్పుడు ఒక ట్రంకుపెట్టె, ఒక రాట్నం తెచ్చుకుంది. మాటలు తెచ్చుకోలేదు. పగలంతా అరుగు మీద కూర్చుని కండెలకు పట్టుదారం చుట్టేది. అడిగినదానికి జవాబు చెప్పేది, అడగకపోతే అదీ లేదు. కుక్క వచ్చిన వారానికి తనంతట తాను మాట్లాడడం మొదలుపెట్టింది, కుక్కతో. ఎండ ఎక్కువగా ఉందా అని అడిగేది, తనకూ అట్లాగే ఉందని చెప్పేది, పక్కింటి కోడలి వంట గురించి దాని అభిప్రాయం తెలుసుకునేది. నెల తిరిగేసరికి మాతో కూడా మాట్లాడడం వచ్చింది. మాకంటే ముందు కుక్కతో మాట్లాడినందుకు నేనేమీ అనుకోలేదు. మా ఇంట్లో మధ్యలో అడ్డురాకుండా వినేది అదొక్కటే.

నాయన మాత్రం ఒప్పుకోలేదు. పట్టు నేసే ఇంట్లో బొచ్చు రాల్చే జంతువును ఎవరైనా పెడతారా అని ఆయన వాదం. ఎర్ర చీరలో ఒక తెల్ల వెంట్రుక కలిసి నేతలోకి పోతే, పెళ్ళిపీటల మీద ఆ వెంట్రుక ఒక్కటే కనిపిస్తుందని ఆయన నమ్మకం. కానీ నేసేవాడు కాళ్ళు దించి తొక్కే మగ్గం గుంత మా ఇంట్లో అన్నిటికంటే చల్లటి చోటు. కుక్క ఆ సంగతి కనిపెట్టి, పోయి నాయన కాళ్ళ దగ్గర పడుకుంది. మొదటి రోజు కాలితో నెట్టాడు. రెండో రోజూ నెట్టాడు. మూడో రోజు కాలు కొంచెం పక్కకు పెట్టుకుని తొక్కాడు, తొక్కుతూ ఎవరైనా చూశారేమోనని తల ఎత్తాడు. నేను చూడలేదు. చూడలేదనే ఇప్పటికీ చెప్తాను.

శివరాత్రి పోయి ఎండలు ముదిరేసరికి దగ్గు మొదలైంది.

దానికి గార్డు వాళ్ళు ఇచ్చిపోయిన తోలు పట్టీ మెడకు ఉండేది. దానికి గొలుసు, గొలుసు అరుగు స్తంభానికి. స్టేషన్ మాకు రెండు సందుల అవతల. రైలు కూత వినపడితే చాలు, అది గొలుసు తెంపుకునేటట్టు ముందుకు దూకేది. పాపం గార్డు కోసం ఎదురుచూస్తోందని వీధిలో ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. గోలీసోడా కొట్టిన చప్పుడుకు కూడా అంతే దూకుతుందని నేను చెప్తే, నాకు మనసు లేదన్నారు. దూకినప్పుడు పట్టీ గొంతుకు బిగుసుకునేది. అప్పుడు మెడ చాచి, కళ్ళు పెద్దవి చేసి, గాలి లోపలికి లాగుతూ దగ్గేది. ఆ చప్పుడు పాత సైకిలు పంపులాగా మొదలై బాతు అరుపులాగా ముగిసేది. కొత్తవాళ్ళు విని ఇంట్లో ఎవరైనా పెద్దవాళ్ళకు బాగాలేదా అని అడిగేవాళ్ళు.

ఇక్కడ మా వీధి పద్ధతి ఒకటి చెప్పాలి. చీరకు నిలువునా పోయే దారాలన్నీ కలిపి వార్పు అంటాం. కొత్త వార్పు మగ్గానికి ఎక్కించే ముందు, తెల్లవారుజామున ఎండా గాలీ లేవకముందే, దాన్ని వీధి పొడవునా చాచి పట్టుకుని తెగిన పోగులు అతకాలి. ఒక ఇంటి చేతులు చాలవు. ఇంటికొకరు వచ్చి పట్టుకుంటారు. వాళ్ళ వార్పు రోజు మనం పోతాం. దానికి కూలి లేదు, పిలుపు లేదు. ఆ చీకటి చెదిరే వేళ వీధి మొత్తం ఒక ఎర్రటి పట్టు పాయకు రెండు వైపులా నిలబడి, నిద్రమత్తులో ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటూ ఉంటే, దూరం నుంచి చూసినవాళ్ళకు ఏదో ఉత్సవం లాగా ఉండేది. దగ్గరికి వస్తే సగం మంది ఆవలిస్తూ ఉండేవాళ్ళు.

ఈ పనికి పెద్ద, మా ఎదురింటి ముసలాయన. నాయన ఆయనను మామా అని పిలిచేవాడు. ఒక సాయంత్రం ఆయన మా అరుగు ముందు నిలబడి కుక్క దగ్గు మొదటి నుంచి చివరి దాకా విన్నాడు. విని నాయనతో అన్నాడు.

"ఏమప్పా, ఈ ఇంట్లో ఒక దగ్గు పోయి ఇంగా ఎన్నేండ్లు కాలేదు. మళ్ళా దగ్గు ఇనపడతాంటే నీ వార్పుకు ఎవురొస్తారు? అందరూ పిల్లలోళ్ళు."

ఆయన గట్టిగా అనలేదు, కోపంగా అనలేదు. అత్త రాట్నం ఆగింది. కాసేపటికి మళ్ళీ తిరిగింది. కుక్క నుంచి మనుషులకు క్షయ రాదని చెప్పడానికి నేను నోరు తెరిచాను కానీ, అది నిజమో కాదో నాకు తెలియదని అప్పుడే గుర్తొచ్చింది.

ఆ పూట అన్నం దగ్గర నాయన గడువు పెట్టాడు. మగ్గం మీదున్న వార్పు అయిపోవడానికి ఇరవై రోజులుంది. కొత్త వార్పు చాచే లోపల దగ్గు నిలబడాలి, లేకపోతే కుక్కను కంబదూరు పంపిస్తానన్నాడు. కంబదూరులో మా చిన్నాయనకు వానను నమ్ముకున్న శెనక్కాయ చేను ఉంది. పైరు మీదికి అడవిపందులు వస్తాయి, కాపలాకు కుక్క కావాలని ఆయన ఎప్పటినుంచో అంటున్నాడు. మా కుక్క బొద్దింకను చూస్తే మంచం కిందికి పోయేది. దాన్ని అడవిపంది ముందు నిలబెడితే పంది నవ్వి వెళ్ళిపోతుందన్న ఆశ ఒక్కటే మాకు మిగిలింది.

అత్త "సరే అన్నా" అంది. సగం అన్నం వదిలి లేచింది. మర్నాటి నుంచి కుక్కతో కూడా మాటలు తగ్గించింది, అలవాటు చేసుకుంటున్నట్టు. నాకు అది చూడబుద్ధి కాలేదు. సైకిలు తీశాను.

పశువుల ఆసుపత్రికి పోవడం ఇంకో పర్వం అని చెప్పాలని ఉంది, కానీ అది ఒకటిన్నర మైలు. క్యారియర్ మీద వెదురు గంప, గంపలో కుక్క, పక్కన గొడుగు పట్టుకుని అత్త. గొడుగు కుక్కకు, అత్తకు కాదు. ఆసుపత్రిలో మా ముందు రెండు ఎద్దులు, ఒక బర్రె, కాలు విరిగిన మేక. డాక్టరు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన కుర్రాడు. మా గంపలోకి చూసి ఆయన ముఖం వెలిగింది. ఈ జాతి గురించి పుస్తకంలో చదవడమే గానీ ఈ ఊరికి వచ్చాక చేత్తో ముట్టుకోలేదట. పాపం, పొద్దుటి నుంచి ఎద్దులే.

గొంతు మీద రెండు వేళ్ళతో మెల్లగా నొక్కాడు. కుక్క వెంటనే బాతు కూత కూసింది. ఆయన సంతోషపడి, మందుల చీటీ ఒకటి గొట్టంలాగా చుట్టి, వేలితో అణిచి చూపించాడు.

"భయపడకండమ్మా. ఇది క్షయ కాదు, ఎవరికీ అంటదు. ఈ జాతికి గాలిగొట్టం పుట్టుకతోనే మెత్తన. మెడ మీద ఒత్తిడి పడితే ఇట్లా అణిగిపోతుంది. మెడకు ఏమీ తగలనివ్వకండి. కట్టాలంటే రొమ్ము చుట్టూ పట్టీ వెయ్యండి."

తర్వాత ఊపు మీదున్నాడు కాబట్టి మిగతావి కూడా అప్పజెప్పాడు. వీటికి మోకాలి చిప్ప జారుతుంది, పళ్ళు తొందరగా ఊడతాయి, కళ్ళలో పొర వస్తుంది, ఒళ్ళు వస్తే దగ్గు ఎక్కువవుతుంది, స్వీట్లు పెట్టకండి. అత్త అన్నీ విని, మందు ఏమిస్తారు అని అడిగింది. మందు అవసరం లేదమ్మా అన్నాడు.

ఆ ఒక్క మాటతో ఆయన మా దగ్గర మర్యాద పోగొట్టుకున్నాడు. సూది వెయ్యలేదు, మాత్ర ఇవ్వలేదు, రంగునీళ్ళ సీసా కూడా లేదు. వీధిలోకి తిరిగొచ్చి ఇది అంటురోగం కాదట అని చెప్పాం. మరి ఏం మందిచ్చినాడు అని అడిగారు. ఏమీ ఇవ్వలేదన్నాం. మందే లేని రోగమంటే ఎంత పెద్దదో అని తల ఊపారు.

అయినా ఆయన చెప్పినట్టు తోలు పట్టీ తీసేశాం. గొలుసు అటక మీదికి పోయింది. అయిదు రోజులు దగ్గు తగ్గింది. అత్త మళ్ళీ కుక్కతో మాట్లాడింది. ఆరో రోజు దగ్గు తిరిగొచ్చింది. పదో రోజుకు మొదటికంటే ఎక్కువైంది, ఇప్పుడు రైలుతో పని లేకుండా, నీళ్ళు తాగినా దగ్గేది. పట్టీ లేదు, గొలుసు లేదు, దగ్గు ఉంది. డాక్టరు చదివిన పుస్తకమే తప్పని నిర్ణయించుకున్నాం. ఇంట్లో రోగి ఉంటే ఏమీ చెయ్యకుండా కూర్చోవడం మర్యాద కాదు కాబట్టి నేనూ నాకు తోచింది ఒకటి చేశాను. ఎవరికీ చెప్పలేదు. ఆ సంగతి ముందు వస్తుంది.

గడువు ఇంకా అయిదు రోజులుందనగా వీధి ఒక మాట మీదికి వచ్చింది. దగ్గుకు కారణం బొచ్చు. అంత బొచ్చు వేడి ఒంట్లోకి దిగితే ఎవరికి దగ్గు రాదు? బుక్కరాయసముద్రం చెరువు ఆ ఏడు అడుగంటింది, ఆ పక్కన మేసే గొర్రెల మందలు మా ఊరి మీదుగా పోతూ ఉండేవి. బొచ్చు కత్తిరించే మనిషిని ఒకణ్ణి అత్తే పిలుచుకొచ్చింది. ఇది మేలు చేస్తుందని ఆమె నమ్మిందో లేదో నాకు తెలియదు. ఇంకేమీ మిగల్లేదు, అంతే.

అతను కుక్కను మోకాళ్ళ మధ్య గొర్రెలాగా ఇరికించుకుని, తోక దగ్గర మొదలుపెట్టాడు. చుట్టూ వీధి కూడింది. తెల్లబొచ్చు కుప్ప పెరిగేకొద్దీ కుక్క తరిగింది. వీపు దాటేసరికి లోపల ఉన్నది పిల్లికంటే కొంచెం పెద్దదని తెలిసింది. నాయన మగ్గంలోంచి లేచి బయటికి వచ్చి చూసి, "ఇంతేనా ఇది" అన్నాడు. మూడు నెలలుగా తను ఎవరితో పోరాడుతున్నాడో అప్పుడే తెలిసినట్టు.

మెడ దగ్గర కత్తెర ఆగింది.

"ఈడ ఏందో ఉండాది మ్మా. కత్తెర దిగల్యా."

అతను వేళ్ళతో బొచ్చు విడదీశాడు. లోపల, బయటికి కనపడకుండా, ఒకదాని మీద ఒకటి బిగించి కట్టినవి ఉన్నాయి. ఒక్కొక్కటీ పైకి లాగి చూపించాడు.

మొదటిది ఆంజనేయస్వామి గుడి దారం. అత్త తల వంచుకుని తనదేనంది. రెండోది నల్లదారానికి రేకు తాయెత్తు, దర్గా నుంచి తెచ్చింది. గోడ అవతలి సాయిబుల ఇంటామె, అత్తతో పాటు కండెలు చుట్టే మనిషి, చెబితే వద్దంటావని చెప్పకుండా కట్టినా అక్కా అంది. మూడోది వసకొమ్ము. గడప లోపలి నుంచి అమ్మ, పసిపిల్లలకు కట్టమా ఏం అని మమ్మల్నే అడిగింది. నాలుగోది రాగితీగ. అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. చివరికి నేనే ఒప్పుకున్నాను. మోటార్లు చుట్టే స్నేహితుడు రాగి వేడిని లాగేస్తుందని చెప్పాడు. వాడికి లెక్కల్లో నాకంటే తక్కువ మార్కులు వచ్చేవి. తీగ మెలిపెట్టేటప్పుడు ఆ సంగతి గుర్తు రాలేదు.

అయిదోది నూలుదారానికి గుచ్చిన గవ్వ. అది ఎవరిదీ కాలేదు.

డాక్టరు మెడకు ఏమీ తగలనివ్వద్దన్నాడు. ఆ మాట మేము మరిచిపోలేదు. కానీ ఏమీ అంటే పట్టీ, గొలుసు అనుకున్నాం. తాయెత్తు వస్తువు కాదు కదా, అది మందు. ఆయన ఇవ్వని మందు మేమే తలా ఒకటి ఇచ్చాం. బయటికి కనపడితే బాగుండదని బొచ్చు లోపలికి బిగించి మరీ ఇచ్చాం. ఎవరికి కనపడకూడదని అడిగితే, నాకట. చూస్తే నవ్వుతానని. అప్పటిదాకా నా ఎగతాళి వల్ల ఎవరికైనా ఊపిరి ఆడకుండా పోతుందని నాకు తెలియదు.

"ఇంగొకటుండాది," అన్నాడు బొచ్చు కత్తిరించే అతను.

ఆరోది అన్నిటికంటే కింద, చర్మానికి ఆనుకుని ఉంది. అంటే అన్నిటికంటే ముందు కట్టింది. ఎర్రటి పట్టుదారం, నాలుగు పోగులు కలిపి పురి పెట్టింది. నేతపని చేసేవాళ్ళ ముడి ఒక్కొక్కరిది ఒక్కో తీరుగా ఉంటుంది, చేతిరాత లాగా. తెగిన పోగు అతికిన చోటు చూసి అది ఎవరి చెయ్యో మా వీధిలో చిన్నపిల్లలు కూడా చెప్తారు. ఈ ముడి నువ్వు గింజంత ఉంది, ఒక కొస పొడుగ్గా వదిలి ఉంది.

అత్త ముడి చూసింది. తర్వాత నాయనను చూసింది. నాయన ఆకాశం వైపు చూస్తున్నాడు. ఆ నెలలో మబ్బు కోసం పైకి చూసిన మనిషి జిల్లాలో ఇంకొకడు ఉండడు.

"ఇది నీ ముడి అన్నా," అంది అత్త.

"పట్టు చలవ చేస్తాదని," అన్నాడు నాయన. ఆకాశానికే చెప్పాడు.

నా నోటి నిండా మాటలు ఉన్నాయి. గడువు పెట్టిన మనిషే మొదటి ముడి వేశాడంటే ఒక వారం నవ్వుకోవచ్చు. ఇప్పుడే కదా నేనూ ఒకసారి దొరికిపోయానని ఊరుకున్నాను.

కత్తెర అతను అన్నీ ఒక్క దెబ్బకు కోసేస్తానన్నాడు. అత్త చెయ్యి అడ్డం పెట్టింది. దేవుని దారం కత్తెరతో కొయ్యకూడదు, దర్గా తాయెత్తు అసలే కొయ్యకూడదు. మెడకు ఉంచకూడదు. విప్పి పారెయ్యకూడదు. అంత పెద్ద ధర్మసంకటంలో వీధి వీధంతా కుక్క మెడ వైపు చూస్తూ నిలబడింది. కుక్క ఒకసారి దగ్గింది.

"మెడకు వద్దంటే మొలకు కట్టండి," అన్నాడు నాయన.

అందరం ఆలోచించాం. అందులో తప్పేమీ కనపడలేదు. నాయన వంగి తన ముడి తనే విప్పాడు. విప్పడానికి చాలాసేపు పట్టింది, ఊడిపోకుండా కట్టడం తప్ప ఆయనకు ఇంకో రకం రాదు. గుడి దారం, తాయెత్తు, వసకొమ్ము, పట్టుదారం అన్నీ కలిపి అత్త దానికి వదులుగా మొలతాడు కట్టింది. నా రాగితీగను మాత్రం మాట్లాడకుండా నా చేతిలో పెట్టింది. గవ్వ ఎవరిదో తెలియదు, చెడుపు ఏమైనా ఉంటుందేమోనని దాన్ని తీసి గూట్లో పెట్టింది.

రెండో రోజుకు దగ్గు సగమైంది. నాలుగో రోజు మొత్తం మీద మూడుసార్లు. లెక్క పెట్టింది అత్త కాదు, నాయన. మగ్గంలో కూర్చుని మధ్యలో చెయ్యి ఆపి వినేవాడు.

అయిదో రోజు తెల్లవారుజామున వార్పు తీసుకుని నాయనా నేనూ వీధిలోకి వచ్చాం. కొసలు చెరొకరు పట్టుకుని నిలబడ్డాం. ఇంకా చుక్కలు పోలేదు. అత్త అరుగు మీద కూర్చుంది, ఒళ్ళో బోడి కుక్క. ఎవరూ రాకపోతే ఆ పట్టును చుట్టి లోపలికి తీసుకుపోవాలి, ఆ సాయంత్రమే కుక్క గంపలోకి ఎక్కాలి. సాయిబుల ఇంటి నుంచి ఒకరు వచ్చారు. పక్కింటి నుంచి ఇద్దరు. తర్వాత ఒక్కొక్కరే వచ్చి మాట్లాడకుండా చేతులు వేశారు. అందరి తర్వాత ఎదురింటి ముసలాయన తలుపు తెరుచుకుని వచ్చి, మధ్యలో తన చోటులో నిలబడ్డాడు. పట్టు బిగిసింది.

సగం పని అయ్యేసరికి స్టేషన్‌లో రైలు కూసింది. కుక్క తల ఎత్తి, మెడ చాచి, నిండుగా ఒక దగ్గు దగ్గింది.

వీధి మొత్తం ఆగింది. వార్పు వదలకూడదు, అందుకని ఎవరూ కదల్లేదు, తలలు మాత్రం తిరిగాయి. అత్త చేత్తో కుక్క ముఖం కప్పింది. ముసలాయన దాని మెడ వైపు చాలాసేపు చూశాడు.

"గవ్వ ఎవురు తీసినారు?" అన్నాడు.

అత్త చూపు గూటి వైపు పోయింది.

"మా అల్లుడు విడపనకల్లు అవతల కన్నడదేశం పోయి తెచ్చినాడు దాన్ని. మంచి గవ్వ."

"మొలకు కడతాం మామా," అన్నాడు నాయన.

"కట్టు. ఎండెక్కుతాండాది, లాగండప్పా."

మళ్ళీ పట్టు బిగిసింది. నవ్వు ఆపుకోవడానికి నేను పెదవి లోపలి వైపు కొరుక్కున్నాను. నా కొస వణికింది, నాయన ఆ కొస నుంచి చూసిన చూపుకు నిలిచింది. కంబదూరు మాట మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. చిన్నాయన ఒక నాటుకుక్కను తెచ్చుకున్నాడు. అది రెండో రోజే ఆయననే కరిచింది.

ఆ సాయంత్రం అత్త అరుగు మీద రాట్నం తిప్పుతూ ఉంటే నేను పక్కన కూర్చుని కండెలు అందిస్తున్నాను. వీధి చివర ఎండ ఎర్రబడుతోంది, ఇళ్ళల్లో మగ్గాలు ఒక్కొక్కటే ఆగుతున్నాయి. కుక్క ఆమె చీర కుచ్చెళ్ళ మీద తల పెట్టుకుని నిద్రపోతోంది. అత్త రాట్నం ఆపకుండానే అంది.

"మీ మామకు గూడా అన్నీ కట్టినాం. యాడాడవో తెచ్చి కట్టినాం. దగ్గు తగ్గేది నేను ఇదే మొదలు చూసేది."

నేను ఇంకో కండె తీసి ఇచ్చాను.

తర్వాత డాక్టరు చెప్పినవన్నీ వరసగా వచ్చాయి. మోకాలి చిప్ప జారి, మూడు కాళ్ళ మీద గెంతేది, నాలుగు అడుగులకు దానంతట అదే సరిపోయేది. ఏడెనిమిదేళ్ళకు పళ్ళన్నీ పోయాయి, అత్త అన్నం గుజ్జులాగా పిసికి పెట్టేది. కంటికి పొర వచ్చింది. కత్తిరించిన బొచ్చు వీపు మీద ఒకచోట మళ్ళీ రానేలేదు, గొర్రెకు వస్తుంది గానీ ఈ జాతికి నమ్మకం లేదట. ఆ సంగతి డాక్టరు మాకు తర్వాత చెప్పాడు. దగ్గు కూడా పూర్తిగా పోలేదు, రైలు వస్తే ఒకటి, సోడాకు ఒకటి. చివరి ఏడాది గుడ్డిగా, బోసినోటితో, నాయన కాళ్ళ దగ్గర ఆ చల్లటి గుంతలోనే గడిపింది, అక్కడే పోయింది. నాయన ఆ రోజు మగ్గంలో కూర్చోలేదు. నడుము నొప్పి అన్నాడు.

డాక్టరు చెప్పిన రొమ్ముపట్టీ ధర్మవరంలో ఏ అంగట్లోనూ దొరకలేదు. నేనే గట్టి నూలుతో రెండు వేళ్ళ వెడల్పున నేసి, ముందు కాళ్ళ వెనక నుంచి తీసి వీపు మీద కొక్కెం పెట్టాను. చాలా ఏళ్ళు వచ్చింది. నూలు పట్టీ తడిస్తే కుంచించుకుపోతుంది. కుక్కకు నీళ్ళు పోసే ముందు విప్పి పెట్టాలి.